తలలెక్కలో మీ ఊరి అప్పు హద్దు

మీరు ఉంటున్న ఊరి జనాభా ఎంత? అమెరికాలో ఏళ్ళ తరబడి ఒకే ఊళ్ళో ఉంటున్న తెలుగువాళ్ళని అడిగితే ఏదో ఒక అంకె చెబుతారు. ఆ అంకె ఏ తేదీనాటిది, ఎవరు కట్టిన లెక్క, ఎప్పుడు బయటపెట్టారు అంటే మాత్రం ఆగిపోతారు. మనలో చాలామంది అంకెలతోనే ఉద్యోగం చేసేవాళ్ళు. ఆఫీసులో రిపోర్టు ముందుకొస్తే డేటా ఎక్కడిది, ఎప్పటిది అని మొట్టమొదట అడిగేది వాళ్ళే. ఆ అలవాటు తాము ఉంటున్న ఊరి వ్యవహారాల దాకా రాకపోవడం నన్ను బాధపెడుతుంది. ఎందుకంటే ఊరికి ఏటా ఎంత బాండ్ల హక్కు దక్కుతుందన్నది ఆ మూడు ప్రశ్నల జవాబులోనే ఉంది.

ముందు బాండ్ల సంగతి చూద్దాం. ఊరు రోడ్డు వేయడానికో, నీళ్ళ ట్యాంకు కట్టడానికో బాండ్లు అమ్మితే వాటిపై వచ్చే వడ్డీకి ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు. పన్ను లేదు కాబట్టి కొనేవాళ్ళు తక్కువ వడ్డీకే ఒప్పుకుంటారు. ఇదే సౌకర్యాన్ని ఊరు తన పేరు మీద ప్రైవేటు వాళ్ళకూ ఇప్పించగలదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ కోసం అద్దె అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరు, మొదటిసారి ఇల్లు కొనే కుటుంబం, చిన్న కర్మాగారం పెట్టే వ్యాపారి, చదువు అప్పు తీసుకునే విద్యార్థి దీని వల్ల లాభపడతారు. వీటిని ప్రైవేట్ యాక్టివిటీ బాండ్లు అంటారు. సాధారణంగా ఈ అప్పు తీర్చేది ఆ ప్రైవేటు పక్షమే తప్ప ఊళ్ళో ఆస్తిపన్ను కట్టేవాళ్ళు కాదు. నష్టమల్లా ఫెడరల్ ఖజానాకే. ఆ వడ్డీ మీద రావలసిన పన్ను దానికి రాదు.

అందుకే ఫెడరల్ ప్రభుత్వం హద్దు గీసింది. రీగన్ 1986 అక్టోబరు 22న సంతకం చేసిన పన్ను సంస్కరణల చట్టంతో వచ్చిన 146వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రం మొత్తం కలిసి ఏడాదికి ఇంతకు మించి ఈ బాండ్లు అమ్మకూడదు. దీన్నే వాల్యూమ్ క్యాప్ అంటారు. లాభాపేక్ష లేని ఆసుపత్రులు, యూనివర్సిటీల బాండ్లు, విమానాశ్రయాల బాండ్లు ఈ హద్దులోకి రావు. మిగతా వాటికి లెక్క తలసరి డాలర్లలో. 1988 నుంచి మనిషికి 50 డాలర్లు. 2001లో 62 డాలర్ల 50 సెంట్లు, 2002లో 75 చేశారు. ఆ తరువాత ధరల పెరుగుదలతో పాటు పెరుగుతూ 2024లో 125కు, 2025లో 130కి చేరింది.

కాబట్టి 2025 లెక్కలో ఒక మనిషి అంటే 130 డాలర్ల బాండ్ల హక్కు. ఆ మనిషి పౌరుడా, గ్రీన్‌కార్డు ఉన్నవాడా, హెచ్1బీ మీద వచ్చినవాడా, ఎమ్మెస్ చదువుతున్న విద్యార్థా అన్న తేడా లేదు. ఎక్కడ కాపురం ఉంటే అక్కడి తల. అమ్మాయి పురిటికని ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు మాత్రం ఈ లెక్కలోకి రారు, వాళ్ళ స్థిరనివాసం ఇండియాలో ఉంది కాబట్టి.

చిన్న రాష్ట్రాలకు చట్టం ఒక కనీస మొత్తం పెట్టింది. 2025లో అది 38 కోట్ల 87 లక్షల 80 వేల డాలర్లు. 2024 జులై నాటికి వ్యోమింగ్ జనాభా 5,87,618. తలసరి లెక్కన దానికి ఏడున్నర కోట్లకు కాస్త పైన రావాలి. కనీస మొత్తం వల్ల ఏకంగా దాదాపు 39 కోట్లు దక్కింది. అంటే అక్కడ మనిషికి 660 డాలర్ల పైమాటే. ఇంచుమించు 30 లక్షల లోపు జనం ఉన్న ప్రతి రాష్ట్రానిదీ ఇదే సంగతి. అలాంటి రాష్ట్రంలో జనాభా కాస్త పెరిగినా తగ్గినా హద్దు కదలదు. టెక్సాస్‌లో కథ వేరు. 2024 జులై నాటికి ఒక్క ఏడాదిలో అక్కడ 5,62,941 మంది పెరిగినట్టు సెన్సస్ బ్యూరో అంచనా వేసింది. 130 చొప్పున కడితే ఆ పెరుగుదలే ఏడు కోట్ల ముప్ఫై లక్షల డాలర్ల పైన. మీరున్నది ఏ రకం రాష్ట్రమో ముందుగా తెలుసుకోండి. ఈ అధ్యాయంలో మిగతాదంతా పెద్ద రాష్ట్రాల వాళ్ళకు ఎక్కువ పనికొస్తుంది.

ఏ లెక్క, ఏ తేదీ

పదేళ్ళకోసారి జరిగే జనగణన ఈ హద్దుకు కొలమానం కాదు. ఏడాది మొదలయ్యే లోపు సెన్సస్ బ్యూరో విడుదల చేసిన అంచనాల్లో అన్నిటికన్నా కొత్తది ఏదైతే అదే వాడాలని చట్టం. డిసెంబరు 31 నాటికి బయటికొచ్చిన అంకెకు చెల్లుబాటు ఉంది. జనవరిలో వచ్చిన అంకె ఎంత సరైనదైనా ఆ ఏడాదికి పనికిరాదు.

ఈ నియమం ఎంత గట్టిదో ఇల్లినాయ్ ఉదాహరణ చెబుతుంది. 2023 డిసెంబరులో వచ్చిన అంచనా ప్రకారం ఆ రాష్ట్ర జనాభా 1,25,49,689. అంతకు ముందు ఏడాది కన్నా 32 వేల మందికి పైగా తగ్గారని అందులో ఉంది. ఆ అంకెను 125తో హెచ్చవేసి 2024 హద్దు కట్టారు. సుమారు 156 కోట్ల 87 లక్షల డాలర్లు వచ్చింది. ఏడాది తిరిగాక, 2024 డిసెంబరులో, విదేశాల నుంచి వచ్చి స్థిరపడుతున్నవాళ్ళను లెక్కించే పద్ధతిని బ్యూరో మెరుగుపరిచింది. కొత్త పద్ధతితో వెనక్కి వెళ్ళి చూస్తే 2023 జులైలో ఇల్లినాయ్ జనాభా 1,26,42,259 అని తేలింది. 92 వేల మందికి పైగా మొదటి లెక్కలో లేరన్నమాట. మనిషికి 125 చొప్పున కోటీ పదిహేను లక్షల డాలర్ల పైచిలుకు బాండ్ల హక్కు. పాత ఏడాదికి ఆ తేడా కలపరు. కొత్త అంచనా అయిన 1,27,10,158తో 2025 హద్దు మాత్రం 165 కోట్ల డాలర్లు దాటింది. అంచనాను తరువాత ఎంత సరిదిద్దినా జరిగిపోయిన ఏడాది హద్దు తిరిగి తెరవరు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మీ ఊరి మీటింగులో ఎప్పుడు నోరు విప్పాలో మీకే తెలుస్తుంది.

ఇంకో మెలిక ఉంది. రాష్ట్రాల అంచనాలు మామూలుగా డిసెంబరులో వస్తాయి. ఊళ్ళ అంచనాలు మే నెలలో వస్తాయి. 2025 జనవరి 1న చేతిలో ఉన్న అంకెలు చూడండి. ఇల్లినాయ్ రాష్ట్రానిది 2024 జులై 1 నాటి జనాభా. అదే రాష్ట్రంలోని నేపర్‌విల్‌ది 2023 జులై 1 నాటి జనాభా, ఎందుకంటే ఊళ్ళకు సంబంధించి అప్పటికి వచ్చిన చివరి విడుదల 2024 మే నాటిది. ఒకే లెక్కలో రెండు వేర్వేరు ఏళ్ళ అంకెలు ఉంటాయి. వేగంగా పెరుగుతున్న ఊరు దీనివల్ల ఎప్పుడూ ఒక ఏడాది వెనకబడే ఉంటుంది. ఇది ఎవరో చేసిన అన్యాయం కాదు, విడుదల తేదీల వరస అలా ఉంది. తెలియకపోతే మీరు మే నెలలో కొత్త అంకె పట్టుకుని వెళ్ళి ఈ ఏడాది హద్దు పెంచమని అడుగుతారు. సిటీ ఫైనాన్స్ డైరెక్టరు మర్యాదగా కాదంటారు. రెండోసారి వెళ్ళడానికి మీకు మనసు రాదు. మన వాళ్ళు చాలామంది పౌర జీవితంలోంచి తప్పుకునేది ఇలాంటి మొదటి తిరస్కారం దగ్గరే.

రాష్ట్రం నుంచి ఊరికి

రాష్ట్రానికి వచ్చిన మొత్తాన్ని లోపల ఎలా పంచుకోవాలో రాష్ట్ర చట్టాలు తేల్చుకోవచ్చు. అందుకే రాష్ట్రానికో తీరు. ఇల్లినాయ్‌నే చూద్దాం, ఊళ్ళకు నేరుగా వాటా ఇచ్చే రాష్ట్రం అది. 1970 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం 25 వేలకు మించి జనం ఉన్న ఊళ్ళకు హోమ్ రూల్ అనే స్వయం అధికారం ఇచ్చింది. చిన్న ఊళ్ళు కూడా ఓటింగు పెట్టుకుని దాన్ని తెచ్చుకోవచ్చు. షికాగోతో పాటు నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ ఇవన్నీ హోమ్ రూల్ ఊళ్ళే. అరోరా బాలాజీ గుడికి వెళ్ళే తెలుగు కుటుంబాల్లో చాలా ఇలాంటి ఊళ్ళ నుంచి వస్తాయి.

హోమ్ రూల్ ఊరి వాటా ఊరి జనాభాను తలసరి డాలర్లతో హెచ్చవేస్తే వస్తుంది. ఒక కాగితం తీసుకోండి. 2020 జనగణనలో నేపర్‌విల్ జనాభా 1,49,540. పద్ధతి అర్థం కావడానికి ఆ అంకెనే 130తో హెచ్చవేయండి. 1,94,40,200 డాలర్లు. అసలు వాటా కట్టేటప్పుడు జనగణన అంకె స్థానంలో తాజా అంచనా పెడతారు. అరోరా 2020 జనాభా 1,80,542తోనూ అలాగే చేసి చూడండి. మీ ఊరికి మీరే ఒకసారి చేసుకోండి. చేతితో చేసిన లెక్క మీటింగులో మీకు ఇచ్చే ధైర్యం మరేదీ ఇవ్వదు.

హద్దు ఉందంటే డబ్బు ఉన్నట్టు కాదు. వాడుకుంటేనే అది డబ్బు అవుతుంది. ఇల్లినాయ్‌లో హోమ్ రూల్ ఊరు తన వాటాతో ఏం చేయాలో మే 1 లోపు నిర్ణయించుకోవాలి. సొంతంగా బాండ్లు అమ్మవచ్చు, ఫలానా పనికని పక్కన పెట్టుకోవచ్చు, లేదా ఆర్డినెన్స్ చేసి మరో సంస్థకు బదిలీ చేయవచ్చు. ఏదీ చేయకపోతే జూన్‌లో ఆ వాటా గవర్నరు కార్యాలయానికి చేరి ఇతరులకు పోతుంది. చిన్న ఊరి వాటా ఒక్కటే ఒక ప్రాజెక్టుకు చాలదు కాబట్టి నాలుగైదు ఊళ్ళు కలిపి ఒకే సంస్థకు ఇవ్వడం మామూలే. ఆ డబ్బుతో మొదటి ఇల్లు కొనేవాళ్ళకు గృహరుణ పథకాలు నడుస్తాయి. మొదటి ఇల్లు అంటే గత మూడేళ్ళలో సొంత ఇల్లు లేకపోవడం అని ఈ పథకాల్లో సాధారణంగా అర్థం. ఆదాయానికీ ఇంటి ధరకూ పరిమితులుంటాయి. మీ ఆదాయం ఆ పరిమితి దాటిపోయి ఉండవచ్చు. మీ గుళ్ళో వంట చేసే ఆయన, మీ పిల్లల్ని చూసుకునే ఆవిడ దాటి ఉండరు. ఇలాంటి పథకం ఒకటుందని వాళ్ళకు చెప్పగలిగిన మనిషి మీరే కావచ్చు.

ఏడాది చివరికి మిగిలిపోయిన హక్కును కొన్ని ప్రయోజనాలకు మూడేళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళవచ్చు. దానికి ఐఆర్ఎస్ ఫారం 8328 తరువాతి ఫిబ్రవరి 15 లోపు వేయాలి. ఫారం వేయకపోతే ఆ హక్కు పోయినట్టే. మీ ఊరు వేసిందో లేదో అడగడం పౌరుడిగా మీ హక్కు.

జనాభా అంకె ఇంకో రకం అప్పుకూ గీత గీస్తుంది. ఆస్తిపన్నుతో తీర్చే అప్పు విషయంలో, ఇల్లినాయ్ రాజ్యాంగం ప్రకారం, 5 లక్షలు, ఆపైన జనం ఉన్న హోమ్ రూల్ ఊరికి పన్ను కట్టే ఆస్తి విలువలో 3 శాతం వరకు శాసనసభ అడ్డం పెట్టడానికి వీల్లేదు. 25 వేల పైన, 5 లక్షల లోపు ఉంటే ఆ రక్షణ 1 శాతానికే. 25 వేలు, అంతకు తక్కువ ఉంటే అర శాతానికే. సరిహద్దు దగ్గర ఉన్న ఊరికి కొన్ని వందల మంది కూడా పెద్ద తేడా తేగలరు.

అంచనా ఎలా తయారవుతుంది, మీ చేతిలో ఏముంది

అంచనా అంటే ఎవరో కూర్చుని ఊహించిన అంకె అనుకోకండి. కౌంటీ స్థాయిలో పుట్టినవాళ్ళను కలిపి, చనిపోయినవాళ్ళను తీసేసి, వలసలను లెక్కిస్తారు. దేశం లోపలి వలస తెలియడానికి ఒక ప్రధాన ఆధారం పన్ను రిటర్నుల మీది చిరునామా. నిరుడు ఒక కౌంటీ, ఈ ఏడు మరో కౌంటీ అని రిటర్నులో ఉంటే మీరు మారినట్టు లెక్క. ఇల్లు మారిన ఏడాది పాత చిరునామాతోనే రిటర్ను వేసేవాళ్ళు మనలో ఉన్నారు. దయచేసి అలా చేయకండి.

కౌంటీ మొత్తాన్ని లోపలి ఊళ్ళకు పంచేది ప్రధానంగా ఇళ్ళ లెక్కను బట్టి. కొత్తగా ఇచ్చిన బిల్డింగ్ పర్మిట్లు, కూలిపోయిన ఇళ్ళు, ఎన్ని ఇళ్ళల్లో జనం ఉంటున్నారు, ఇంటికి సగటున ఎందరు అన్నవి చూస్తారు. హాస్టళ్ళు, వృద్ధాశ్రమాల వంటి చోట్ల ఉండేవాళ్ళను విడిగా కలుపుతారు. నేపర్‌విల్ రెండు కౌంటీల్లో ఉంది, అరోరా నాలుగింటిలో. ఒక పొలాన్ని ఊళ్ళో కలుపుకుని, ఆ కొత్త సరిహద్దును సెన్సస్ బ్యూరో ఏటా చేసే సరిహద్దుల సర్వేకు ఊరు పంపకపోతే, అక్కడ లేచిన కాలనీ జనం ఊరి లెక్కలోకి రారు. పర్మిట్ల నివేదిక సమయానికి వెళ్తోందా, సరిహద్దుల పటం తాజాగా ఉందా అన్న రెండు ప్రశ్నలు సిటీ ప్లానింగ్ విభాగానికి ఈమెయిల్ రాసి అడగవచ్చు. ఎవరి మనసూ నొప్పించని ప్రశ్నలు ఇవి, పైగా చాలాసార్లు వాళ్ళకే ఉపయోగపడతాయి.

అంకె తప్పనిపిస్తే సవాలు చేయడానికి బ్యూరోలో దారి ఉంది. సవాలు చేయాల్సింది ఊరి ప్రభుత్వమే కానీ విడి మనుషులు కాదు. డెట్రాయిట్ చేసిన పని అందరూ తెలుసుకోదగినది. కూల్చిన ఇళ్ళను తీసేస్తున్నారు, పాడుబడి మళ్ళీ బాగుచేసుకుని జనం చేరిన ఇళ్ళను కలపడం లేదని ఆ నగరం వాదించింది. మేయర్ మైక్ డగ్గన్ హయాంలో 2022లో సెన్సస్ బ్యూరో మీద కోర్టుకు కూడా వెళ్ళింది. బ్యూరో తన సవాలు నియమాలను మార్చింది. 2024 మేలో వచ్చిన అంచనాలో డెట్రాయిట్ జనాభా 1,852 పెరిగి 6,33,218 అయింది. 1957 తరువాత ఆ నగరం పెరిగినట్టు నమోదవడం అదే మొదటిసారి. పట్టుదలతో లెక్క అడిగిన ఊరికి లెక్క దొరికింది. మరీ వేగంగా పెరిగే ఊళ్ళకు ఇంకో మార్గం ఉంది. బ్యూరోకు ఖర్చు తామే చెల్లించి మధ్యలో ప్రత్యేక జనగణన చేయించుకోవచ్చు.

ఇక మీ ఇంటి గుమ్మం సంగతి. అమెరికన్ కమ్యూనిటీ సర్వే కాగితం పోస్టులో వస్తే చెత్తబుట్టలో వేయకండి. దానికి జవాబు ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి. మీ వ్యక్తిగత వివరాలను ఇమ్మిగ్రేషన్ సహా మరే శాఖకూ ఇవ్వకూడదని సెన్సస్‌కు సంబంధించిన 13వ టైటిల్ చట్టం చెబుతోంది. 2020 జనగణనలో 59 భాషల్లో సహాయ పత్రాలు ఇచ్చారు, వాటిలో తెలుగు ఒకటి. ఒక అపార్ట్‌మెంట్లో నలుగురైదుగురు విద్యార్థులు కలిసి ఉంటే లీజులో పేరున్న ఒక్కరే జవాబిచ్చి తన పేరు మాత్రం రాసి ఊరుకోవడం జరుగుతుంటుంది. మీకు తెలిసిన పిల్లలుంటే అందరి పేర్లూ రాయమని చెప్పండి.

ఇండియాలో పెరిగిన మనకు జనాభా లెక్క, నిధుల పంపకం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయన్న ఎరుక ఉంది. ఆర్థిక సంఘాలు దశాబ్దాల పాటు 1971 జనాభాను వాడటం, పదిహేనో సంఘం 2011కు మారడం మీద దక్షిణాదిలో జరిగిన వాదన చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2011 తరువాత 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. అక్కడ బాండ్లకు తలసరి హద్దు లేదు. 2018లో హైదరాబాద్ నగరపాలక సంస్థ 200 కోట్ల రూపాయల బాండ్లు, అమరావతి కోసం సీఆర్‌డీఏ 2,000 కోట్ల బాండ్లు అమ్మినప్పుడు మదుపరులు చూసుకున్నది రేటింగు, తిరిగి చెల్లించే స్తోమత. అమెరికాలో ఏటా కొత్త అంచనా వస్తుంది, ఏటా దాన్ని ప్రశ్నించే అవకాశమూ ఉంది. పదేళ్ళ పాత అంకెతో బతకడం ఎలా ఉంటుందో తెలిసిన మనం ఈ అవకాశానికి ఇతరుల కన్నా ఎక్కువగా విలువివ్వాలి.

సిటీ కౌన్సిల్ మీటింగులో మాట్లాడటానికి ప్రజలకు కొన్ని నిమిషాలు ఇస్తారు, చాలా ఊళ్ళలో మూడు నిమిషాలు. యాస గురించి సంకోచం వద్దు. అంకె స్పష్టంగా ఉంటే యాసను ఎవరూ పట్టించుకోరు. ఫిబ్రవరి, మార్చి మీటింగుల్లో ఒకదానికి వెళ్ళండి, మే 1కి ముందు అన్నమాట. మీ ఊరు ఈ ఏడాది ఏ అంచనాను ఆధారంగా తీసుకుంది, వాటా ఎంత వచ్చింది, నిరుడు వాటా ఎవరికి బదిలీ అయింది, దానితో ఎన్ని ఇళ్ళ రుణాలు మంజూరయ్యాయి అని అడగండి. జవాబు అప్పటికప్పుడు రాకపోతే రాతపూర్వకంగా ఇవ్వమనండి. మే నెలలో కొత్త అంచనా వచ్చాక పర్మిట్ల లెక్కతో పోల్చి చూసి, తేడా కనిపిస్తే సవాలు చేయమని కోరుతూ ఇంకో ఉత్తరం రాయండి. ఆ సవాలు ఫలితం డిసెంబరు 31 లోపు వస్తే తరువాతి ఏడాది హద్దులో కనిపించవచ్చు.

ఈ పనిని ఒంటరిగా చేయవద్దు. ఉగాది సంబరాలకు హాలు బుక్ చేసే బృందంలోంచి ఇద్దరిని వెంట తీసుకెళ్ళండి. మీ ఊరి సిటీ వెబ్‌సైట్‌లో తరువాతి కౌన్సిల్ మీటింగు తేదీ ఉంటుంది. ఇవాళే చూసి క్యాలెండర్‌లో రాసుకోండి.